జీపీఎస్ పొక్లెయిన్‌కు లేఅవుట్ మోడల్ ఎలా తయారు చేయాలి?

హనుమకొండ చుట్టుపక్కల వెంచర్లలో పెగ్గులు పాతి, సున్నం గీసి, పక్కన ఒక మనిషి లెవెల్ చూస్తుంటే మట్టి తవ్వడం మనకు అలవాటే. జీపీఎస్ మిషన్‌కు పెగ్గులతో పని లేదు. క్యాబిన్ స్క్రీన్‌లో ఉన్న డిజిటల్ మోడల్‌నే, అంటే ఎక్కడ ఎంత ఎత్తుండాలో చెప్పే నేల నమూనానే, అది నమ్ముతుంది. మోడల్‌లో తప్పుంటే ఆ తప్పును కూడా సెంటీమీటర్ల లెక్కన నీటుగా తవ్వి పెడుతుంది.

ముందు సైటు చుట్టూ, మట్టిపని తగలని చోట, నాలుగైదు కంట్రోల్ పాయింట్లు (స్థానం, ఎత్తు కచ్చితంగా తెలిసిన గుర్తులు) కాంక్రీటులో పాతించండి. మ్యాప్ కోఆర్డినేట్లకు వాడే యూటీఎం పద్ధతిలో వరంగల్ 44 ఉత్తర జోన్‌లోకి వస్తుంది. అసలు టెన్షన్ ఎత్తుల దగ్గరే. జీపీఎస్ ఇచ్చే ఎలిప్సాయిడ్ ఎత్తుకూ (భూమి ఆకారానికి గణితంగా గీసిన నున్నటి ఉపరితలం నుంచి కొలిచే ఎత్తు), డ్రాయింగ్‌లోని సముద్రమట్టపు ఎత్తుకూ మన దగ్గర 70 మీటర్లకు పైనే తేడా. ఈ పాయింట్లతో సైట్ క్యాలిబ్రేషన్ చేసి (జీపీఎస్ కొలతలను సైటు కొలతలతో కలిపి), సర్వేకూ మిషన్‌కూ అదే క్యాలిబ్రేషన్ ఫైలు వాడండి.

తర్వాత, ఇప్పుడున్న నేలను రోవర్‌తో (కర్రకు బిగించి చేత పట్టుకు తిరిగే జీపీఎస్ రిసీవర్‌తో) కొలవాలి. చదునైన చెల్కకు 10 మీటర్లకో పాయింటు చాలు. పాత వరిమడి అయితే గట్టు పైన, గట్టు కింద విడివిడిగా తీసుకోండి. లేదంటే కటింగ్, ఫిల్లింగ్ లెక్క తేలదు. పక్కన చెరువు శిఖం ఉంటే మోడల్‌ను ఎఫ్‌టీఎల్ గీతకు (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దుకు) ఇవతలే కత్తిరించండి.

ఇక క్యాడ్ ఫైలు. హాచ్‌లు (ఖాళీలు నింపే అడ్డగీతలు), చెట్ల బొమ్మలు, కొలత గీతలు తీసేయండి. ప్లాట్లు గజాల్లో, రోడ్లు అడుగుల్లో, లెవెళ్లు మీటర్లలో మాట్లాడుకునే జనం మనం. కాబట్టి ఒక ప్లాటు అంచు కొలిచి యూనిట్లు సరిచూడండి. గీతలు సాధారణంగా సున్నా ఎత్తులోనే వస్తాయి. రోడ్డు మధ్య గీతకు, అంచులకు, డ్రైన్ అడుగుకు, ప్లాటు మూలలకు లెవెళ్లు మనమే ఎక్కించాలి.

సాఫ్ట్‌వేర్ ఈ పాయింట్లను త్రిభుజాలుగా కలుపుతుంది. 30 అడుగుల రోడ్డంటే సుమారు 9 మీటర్లు. 2 శాతం వాలుకు మధ్య భాగం అంచుల కన్నా 9 సెంటీమీటర్లు ఎత్తుండాలి. మధ్య గీతను బ్రేక్‌లైన్‌గా (త్రిభుజాలు దాటకూడని గీతగా) పెట్టకపోతే త్రిభుజం ఈ అంచు నుంచి ఆ అంచుకు దూకుతుంది, ఆ 9 సెంటీమీటర్లు మాయం. వానకాలంలో రోడ్డు నడుమ నీళ్లు నిలిచాక గానీ ఎవరికీ తెలియదు.

నేను చేసిన పొరపాటు ఇంకొకటి. కాజీపేట వైపు ఒక సైటుకు డ్రాయింగ్‌లోని ఫినిష్ లెవెళ్లనే ఎక్కించేశాను. 20 సెంటీమీటర్ల సబ్‌బేస్ (కాంక్రీటు కింది పొర), 15 సెంటీమీటర్ల కాంక్రీటు మందం తీసేయడం మరిచాను. ఒక వీధంతా మొరం పోసి రోలర్ తొక్కించాక తెలిసింది. ఆ 35 సెంటీమీటర్లూ మళ్లీ తోడించాల్సి వచ్చింది. ఇప్పుడు ఫైలు పేరులోనే ‘సబ్‌గ్రేడ్’ (ఈ పొరల కింది మట్టి మట్టం) అని రాస్తున్నాను.

పంపేముందు 10 సెంటీమీటర్ల ఎత్తుకొకటిగా కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) గీయించి చూడండి. ఎక్కడైనా ముల్లులా పొడుచుకొస్తే అక్కడ ఏదో గీత సున్నాలోనే ఉండిపోయిందని అర్థం. అది సరిచేసి ల్యాండ్ఎక్స్ఎంఎల్ ఫైలుగానో, మిషన్ చదివే ఫార్మాట్‌లోనో ఇవ్వండి.

ఆపరేటర్‌కు ఒక్క మాట చెప్పండి: రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు బకెట్ పన్నును తెలిసిన పాయింటు మీద ఆనించి స్క్రీన్‌లో ఎత్తు చూడాలి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే బకెట్ దించకుండా ఫోన్ చేయాలి.