ఇంట్లో తొలి గిటార్ – నాలుగవ పాఠం: పక్కచెక్కలను వంచడం

గత పాఠం చివర మన దగ్గర రెండు వస్తువులు తయారై ఉన్నాయి. ఒకటి, ప్లైవుడ్ పొరలు అతికించి కోసిన అచ్చు. రెండవది, గిటార్ దేహంలో సగభాగాన్ని చూపే అట్ట నమూనా. దేహం పొడవు 490 మి.మీ., కింది వెడల్పు 370, నడుము 240, పై వెడల్పు 280 అని అప్పుడు గీసుకున్నాం. 650 మి.మీ. తీగ పొడవు ఉండే నైలాన్ తీగల గిటార్‌కు ఇవి వాడుకలో ఉన్న కొలతలే. ఆ అచ్చులో కూర్చోవలసిన రెండు పక్కచెక్కలను ఈ పాఠంలో వంచుతాం. నేర్చుకునేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా జంకేది ఈ పనికే. నా అనుభవంలో మాత్రం మెడ కోణం కుదర్చడం దీనికన్నా కష్టం.

చెక్కలోని నారపోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం తడిగా ఉన్నప్పుడు దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి, చల్లారగానే మళ్లీ బిగుస్తుంది. వెదురుకు నిప్పుసెగ చూపించి వంకర తీసే మేదరివాళ్ల పనితనం ఆధారపడేది కూడా ఈ గుణం మీదే. కాబట్టి వంచేది మన బలం కాదు, వేడి. చేతులు ఆ వేడికి దారి చూపిస్తాయి, అంతే.

అయితే వేడికీ ఒక హద్దు ఉంది. చెక్క వంగినప్పుడు దాని లోపలి ముఖం నొక్కుకుపోతుంది, బయటి ముఖం సాగుతుంది. బయటి పొర ఎంత సాగవలసి వస్తుందో తెలుసుకోవడానికి చెక్క మందాన్ని వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే చాలు. మన నమూనాలో నడుము వంపు వ్యాసార్ధం 75 మి.మీ.; చెక్క మందం 2 మి.మీ. అయితే 2ను 150తో భాగించాలి, అంటే సాగుడు 1.3 శాతం. అదే 3 మి.మీ. మందం ఉంటే 2 శాతం అవుతుంది. చెక్క నొక్కుడును ఓర్చుకున్నంతగా సాగుడును ఓర్చుకోదు. ఒకటి రెండు శాతం దాటితే పోగు తెగుతుంది. మందం 2 మి.మీ. దగ్గర ఉండాలని మొదటి పాఠం నుంచీ నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

చెక్క ఎంపిక గురించి క్లుప్తంగా చెబుతాను. వరంగల్ సామిల్లుల్లో టేకు తేలికగా దొరుకుతుంది, కానీ అందులోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు ప్రతిసారీ అసిటోన్‌తో తుడవాలి. ఇరుగుడు చెక్క అందంగా పలుకుతుంది గానీ ఖరీదెక్కువ, పైగా దాని కొనుగోలుకూ రవాణాకూ కాగితాలు సరిగ్గా ఉండాలి. తొలి గిటార్‌కు శీషం లేదా మహాగని తీసుకోమని నా సలహా. ఒక్కొక్కటి 820 మి.మీ. పొడవు, 110 మి.మీ. వెడల్పు ఉన్న రెండు పలకలు కావాలి. నారగీతలు పొడవునా నేరుగా సాగాలి. అవి పలక ముఖం మీద ఏటవాలుగా బయటికి జారిపోయి ఉంటే ఆ చోటే విరుగుతుంది. శీషం పొడి గొంతుకూ చర్మానికీ పడదు కాబట్టి రందా పట్టేటప్పుడు, గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ఇక చెక్కను ఆనించి వంచే వేడి గొట్టం. రెండున్నర అంగుళాల వ్యాసం, పావు మీటరు పొడవు ఉన్న అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం హన్మకొండలో ఏ పాత ఇనుప సామాను దుకాణంలోనైనా వెతికితే దొరుకుతుంది. నీళ్ల పైపుల్లో వాడే జింక్ పూత గొట్టాన్ని తీసుకోకండి. మంట నేరుగా తగిలితే ఆ పూత నుంచి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. వెల్డింగ్ షాపులో గొట్టానికి ఒక పట్టీ అతికించి బల్ల అంచుకు బిగించండి. ఒక చివర నుంచి హాట్ ఎయిర్ గన్ గాలిని పంపి, రెండో చివరను చిల్లులు పెట్టిన రేకుతో సగం మూయండి. గ్యాస్ మంట కన్నా ఇది నిదానం, కానీ ఇంట్లో చేసుకునే పనికి ఈ నిదానమే మేలు.

గొట్టం తగినంత వేడెక్కిందా లేదా అన్నది దోసె పెనం మీద చూసినట్టే చూడాలి. నీటిచుక్క చల్లితే అది అక్కడే కూర్చుని బుడగలు కట్టిందంటే వేడి చాలదు. చుయ్యిమని ఒక్కసారిగా ఎగిరిపోయిందంటే సరిపోయింది. పాదరసపు పూసలా గుండ్రంగా చుట్టుకుని గొట్టం మీద పరుగెత్తిందంటే వేడి మితిమీరింది, చెక్క మాడుతుంది. గన్ తగ్గించి రెండు నిమిషాలు ఆగండి.

పలకను ముట్టుకునే ముందు దాని నుంచి తీసిన 25 మి.మీ. వెడల్పు తుంపు ముక్కలను నాలుగైదు వంచి చూడండి. ఈ అభ్యాసాన్ని దాటవేసినవాళ్లు తర్వాత పెద్ద పలకతోనే అభ్యాసం చేయవలసి వస్తుంది. ఆ తరువాత నమూనా అంచు వెంబడి దారం పరచి, తోక, అంటే దేహం కింది చివర, నుంచి నడుముకు ఎంత దూరమో కొలిచి, ఆ గుర్తును పలక మీద తెల్ల పెన్సిల్‌తో వేయండి. సుద్ద అయితే తడికి చెరిగిపోతుంది. బయటి ముఖం ఏదో, పై అంచు ఏదో రెండు పలకల మీదా రాసి పెట్టండి. శీషాన్ని 20 నిమిషాలు నీళ్లలో నానబెడితే సరిపోతుంది, మహాగనికి తడిగుడ్డతో తుడిచినా చాలు. రాత్రంతా నానబెడితే చెక్క అలలు అలలుగా తేలుతుంది.

నడుము నుంచే మొదలుపెట్టాలి. వంపుకు బయటి వైపున, అంటే సాగే ముఖం మీద, పలచటి రేకు పట్టీ ఒకటి ఆనించి పట్టుకోండి. సాగుడు భారాన్ని అది కొంత మోస్తుంది. పెంబర్తి పనివాళ్లు వాడే పలచటి ఇత్తడి రేకు దీనికి బాగా పనికివస్తుంది. మామూలు ఇనుప రేకు మాత్రం వద్దు, తడి చెక్క మీద నల్లమచ్చలు వేస్తుంది. గుర్తు ఉన్న చోటును గొట్టం మీద ఆనించి, రెండు చివరలనూ తేలికగా పట్టుకుని, అంగుళం మేర అటూ ఇటూ మెల్లగా జరుపుతూ ఉండండి. మొదటి నిమిషంలో ఏమీ జరగదు. ఆవిరి లేస్తుంది, చెక్క వాసన వస్తుంది, పలక మాత్రం మొండిగానే ఉంటుంది. చాలామంది ఓపిక నశించి గట్టిగా నొక్కేది ఇక్కడే. ఇంకొంచెం ఆగితే, అంతవరకూ అరచేతులను వెనక్కి నెడుతున్న పలక ఉన్నట్టుండి నెట్టడం మానేస్తుంది. ఆ క్షణంలో కొద్దిగా, కేవలం కొద్దిగా, కిందికి తేవాలి. తెచ్చాక గొట్టం మీద నుంచి తీసి, చల్లారేవరకూ అదే వంపులో పట్టుకుని, నమూనాకు ఆనించి చూడాలి. చల్లారాక కొంత వెనక్కి తెరుచుకుంటుంది కాబట్టి నమూనా కన్నా ఒక పిసరు ఎక్కువగా వంచడం మంచిది.

నడుము కుదిరాక పలకను తిప్పి, ఎదురు దిశలో కింది పెద్ద వంపును, చివరగా పై వంపును తీయండి. పలక గొట్టానికి ఎప్పుడూ అడ్డంగా, సరిగ్గా లంబంగా ఉండాలి. కాస్త ఏటవాలైనా మెలిక పడుతుంది. మెలికను కనిపెట్టడానికి పలక అంచును చదునైన బండ మీద నిలబెట్టండి. మా వంటింట్లో పరిచిన కరీంనగర్ గ్రానైట్ గట్టు కన్నా చదునైనది నా దగ్గర ఇప్పటికీ లేదు, ఆ పూట వంట ఆలస్యమైనా సరే. అంచు కింద కాగితం దూరే సందు ఉంటే ఆ చోటును మళ్లీ వేడి చేసి సరిచేయాలి.

నా మొదటి గిటార్‌కు నేను రెండు తప్పులు చేశాను. పలక మందం అంతటా సమంగా ఉందో లేదో కాలిపర్స్‌తో చూడలేదు. నడుము గుర్తుకు రెండు వేళ్ల దూరంలో మందం 1.7 మాత్రమే ఉందని, టిక్కుమన్న చిన్న చప్పుడుతో పోగు లేచాకే తెలిసింది. వంపు ఎప్పుడూ పలచని చోటును వెతుక్కుంటుంది, మనం గీసిన గుర్తును కాదు. అందుకే ప్రతి 50 మి.మీ.కూ ఒకసారి కొలవండి; తేడా 0.1 మి.మీ. దాటకూడదు. రెండవ తప్పు నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. గిటార్ మెడ వైపు లోతు తక్కువ కాబట్టి ఆ వాలును ముందే కోసేసి, రెండు పలకలనూ ఒకే వైపుకు వంచాను. నాకు రెండు ఎడమ పక్కలు మిగిలాయి. వాలు కోయకుండా ఉంటే ఒకదాన్ని తలకిందులు చేసి వాడుకునేవాణ్ణి. కాబట్టి పలకలను దీర్ఘచతురస్రాలుగానే వంచండి, వాలును అచ్చులో కూర్చున్నాక కోద్దాం.

వంచిన పలకను వెంటనే అచ్చులో పెట్టి, లోపలి నుంచి చెక్క అడ్డుపట్టీలతో బిగించండి. ఎంతకాలం ఉంచాలన్నది రుతువును బట్టి మారుతుంది. మన ఏప్రిల్ ఎండల్లో రెండు రోజులు చాలు, జూలై ముసురులో వారం పట్టవచ్చు. ఊహతో పని లేకుండా, నానబెట్టక ముందే పలకను వంటింటి త్రాసు మీద తూచి ఆ బరువును పలక మీదే రాసుకోండి. బయటికి తీసి తూచినప్పుడు అదే బరువు వస్తే ఆరినట్టు, ఎక్కువ వస్తే మళ్లీ అచ్చులోకే.

తర్వాతి పాఠంలో మెడ దిమ్మెను, తోక దిమ్మెను అతికిస్తాం. అప్పటిలోగా 110 మి.మీ. ఎత్తు ఉన్న రెండు మహాగని దిమ్మెలు కోయించి, పక్కచెక్కలు ఆరుతున్న గదిలోనే వాటినీ ఉంచండి.