కొత్త మిల్లెట్ హోటల్లో తినడం, సేంద్రియ మేళాలో కొనడం ఎలా?

ఊళ్లో ‘మిల్లెట్’ బోర్డుతో కొత్త హోటల్ తెరిస్తే చాలామంది మొదటి వారమే ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి పది రకాలు చెప్పేస్తారు. బోర్డు మీద ఉన్నది కంచంలోకి వచ్చిందో లేదో చూసుకోకుండా బిల్లు కట్టి లేస్తారు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక ఆ పేరుకు గిరాకీ వచ్చింది. నిజంగా వండిపెట్టేవాళ్లూ ఉన్నారు, పేరుతో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. తేడా చేత్తో తుంచి చూసినా తెలుస్తుంది.

1. వెళ్లే రోజు, వేళ

తెరిచిన మూడు నాలుగు వారాల తర్వాత వెళ్లండి. అప్పటికి వంటవాళ్ల చేయి కుదురుతుంది, ప్రారంభ ఆఫర్ల రద్దీ తగ్గుతుంది. వారం మధ్యలో, మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట మధ్య అయితే మేలు. కొర్ర, సామ అన్నం వేడిగా ఉన్నంతసేపే మెత్తగా ఉంటుంది. చల్లారితే గట్టిపడి పొడిపొడిగా రాలిపోతుంది. రెండున్నరకు బఫేలో మిగిలిన కొర్ర పులిహోర గొంతు దిగకపోతే అది వంటవాడి తప్పు కాదు, ఆ గింజ తీరే అంత. ఆలస్యమైతే దద్దోజనం చెప్పుకోండి, పెరుగు తడికి మెత్తగా ఉంటుంది.

బయల్దేరే ముందు ఫోన్ చేసి ‘ఇవాళ ఏ గింజలు వండారు?’ అని అడగండి. కొర్ర, సామ అంటూ పేర్లు చెబితే వెళ్లండి. ‘అన్నీ ఉంటాయి సార్’ అన్నారంటే కాస్త అనుమానించాల్సిందే.

2. గుమ్మం దగ్గర

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) నంబరు కనిపించేలా పెట్టారో లేదో చూడండి. 14 అంకెలుంటుంది. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్. 2022 జనవరి నుంచి ఈ నంబరు బిల్లు మీద కూడా ఉండాలి. మేళాల్లో రెండు రోజులకు వేసే స్టాళ్లకూ రిజిస్ట్రేషన్ కావాల్సిందే.

3. ఏం చెప్పాలి, ఎలా పరీక్షించాలి

నలుగురు వెళ్తే ముందు మూడు రకాలే చెప్పండి: ఒక రొట్టె, ఒక అన్నం, ఒక టిఫిన్. నచ్చితే మళ్లీ చెప్పుకోవచ్చు. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ కాబట్టి కడుపు త్వరగా నిండుతుంది, వరి అన్నం లెక్కన చెబితే సగం మిగిలిపోతుంది. అలవాటు లేనివాళ్లు మొదటి రోజే కడుపునిండా తింటే ఉబ్బరం చేస్తుంది. పక్కన మజ్జిగ పెట్టుకోండి.

జొన్నరొట్టె వచ్చీ రాగానే తుంచి చూడండి. జొన్నపిండిలో సాగే జిగురు ఉండదు. వేడినీళ్లు పోసి కలిపి చేత్తో తట్టిన అసలు రొట్టె అంచుల దగ్గర చిట్లి ఉంటుంది, లాగితే సాగకుండా తెగుతుంది. చపాతీలా సాగితే గోధుమపిండి కలిసినట్టే. సులువుగా ఒత్తుకోవచ్చని, విరగదని కొందరు కలుపుతారు. మామూలుగా తినేవాళ్లకు దానివల్ల నష్టం లేదు గానీ, గోధుమ పడనివాళ్లు మాత్రం ముందే గట్టిగా అడిగి తీరాలి.

రాగి సంకటి దగ్గర ఆ అనుమానం వద్దు. రాయలసీమ ఇళ్లలోనూ బియ్యమో నూకలో ఉడికించి, అందులోనే రాగిపిండి వేసి కెలుకుతారు. సంకటిలో మెతుకులు కనిపించాయని సర్వర్‌తో పోట్లాడితే నవ్వుతారు. మిల్లెట్ దోసె సంగతి వేరు. రుబ్బులో మినప్పప్పు ఎలాగూ ఉంటుంది, బియ్యం ఎంత అన్నదే ప్రశ్న. ‘మూడు గ్లాసుల కొర్రలకు గ్లాసు బియ్యం’ అన్నట్టు కొలత చెప్పగలిగితే అక్కడే రుబ్బుతున్నారన్నమాట.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. వండని 100 గ్రాముల చిరుధాన్యాల్లో పిండిపదార్థం 60 నుంచి 70 గ్రాముల దాకా ఉంటుంది. కొర్ర అన్నమని రెండు కంచాలు లాగిస్తే లెక్క తప్పుతుంది.

4. బిల్లు

మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం. ఖరీదైన స్టార్ హోటళ్ల లోపల ఉన్నవాటిలో 18 శాతం పడవచ్చు. ‘కాంపోజిషన్’ పద్ధతిలో, అంటే మొత్తం అమ్మకాల మీద ఒకే శాతం లెక్కన, పన్ను కట్టే చిన్న హోటళ్లు మీ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. సర్వీస్ చార్జి పన్ను కాదు. దాన్ని అడగకుండా బిల్లులో కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. కుదరదంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయండి.

మిగిలినది కట్టించుకోవడానికి స్టీలు డబ్బా వెంట తీసుకెళ్లండి. వండిన అన్నం ఏదైనా బయట రెండు గంటలకు మించి ఉంచకండి.

5. మేళాకు వెళ్తే

తీసుకెళ్లాల్సినవి: రెండు గుడ్డ సంచులు, స్టీలు గ్లాసు, ఒక పళ్లెం, చిల్లర నోట్లు. మైదానంలో సిగ్నల్ లేక యూపీఐ తిరుగుతూ ఉంటే వెనక లైను పెరిగిపోతుంది.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాల మీద 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. దాంతో చాలా స్టాళ్లు పేపరు కప్పులకు మారి ‘పర్యావరణ హితం’ అని రాసుకుంటున్నాయి. మామూలు పేపరు కప్పు లోపల సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే టీ కారిపోతుంది. మోదుగాకు విస్తరిలోనో, మన్యం నుంచి వచ్చే అడ్డాకు విస్తరిలోనో వడ్డించే స్టాలుంటే అక్కడ తినండి. విస్తరి కింద పాలిథిన్ షీటు అతికించారేమో తిప్పి చూడండి. అలాంటివి మార్కెట్లో బోలెడు.

సంక్రాంతి వేళ జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా రైతులు జరిపే పాత పంటల జాతర మరో రకం. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. దాన్ని ఫుడ్ కోర్టు అనుకుని వెళ్లకండి. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటుందో ముందే కనుక్కోండి, ఫొటో తీసే ముందు అడగండి.

6. గింజలు కొనేటప్పుడు

ప్యాకెట్ అయితే సేంద్రియ ఆహారానికి వేసే జైవిక్ భారత్ గుర్తు చూడండి. దానితోపాటు పీజీఎస్ (రైతులే బృందంగా ఒకరినొకరు తనిఖీ చేసుకునే పద్ధతి) గానీ ఎన్‌పీఓపీ (బయటి సంస్థ తనిఖీ చేసే పద్ధతి) గానీ ఏదో ఒక ధ్రువీకరణ గుర్తు ఉండాలి. నేరుగా అమ్ముకునే చిన్న రైతులకు ఈ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, గుర్తు లేదని వాళ్లను తోసిపుచ్చకండి. ‘ఏ ఊరు? ఎప్పటి పంట? పురుగు పడితే ఏం కొట్టారు?’ అని అడగండి. పండించినవాళ్లు జీవామృతం, వేప కషాయం ఎన్నిసార్లు కొట్టారో కూడా చెబుతారు. కొని తెచ్చి అమ్మేవాళ్లు ‘అంతా ఆర్గానిక్ మేడమ్’ దగ్గరే ఆగిపోతారు.

బిస్కెట్లు, నూడుల్స్ కొంటే వెనకవైపు దినుసుల జాబితా చదవండి. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నియమం. ‘రాగి బిస్కెట్’ జాబితాలో మొదటి పేరు మైదా అయితే అది మైదా బిస్కెట్టే.

అరికలు తెల్లగా మెరిసిపోతుంటే బాగా పాలిష్ పట్టినట్టు. పైపొర పోతే పీచు కూడా దానితోపాటే పోతుంది. పొర ఉన్న గింజ కాస్త మట్టిరంగులో, మెరుపు లేకుండా ఉంటుంది. అయితే ఆ పొరలో నూనె ఉంటుంది కాబట్టి త్వరగా ముక్కిపోతుంది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమలండి. చేదుగా గానీ, ముక్క వాసనతో గానీ ఉంటే వద్దు. మొదటిసారి ఒక్కో రకం కిలోకు మించి తీసుకోకండి.

సజ్జపిండి మాత్రం మేళాలో అసలు కొనకండి. మర పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది, అది ఎప్పుడు పట్టించిందో మీకు తెలియదు. గింజలే కొని, వారానికి సరిపడా అరకిలో చొప్పున పట్టించి, ఫ్రిజ్‌లో గాలి తగలని డబ్బాలో పెట్టుకోండి.