పాత నూలు చీరతో గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా

చిరిగిన నూలు చీరను మసిగుడ్డలకే ఇచ్చేయకండి. చీర వెడల్పు వైపు కొసన 4 అంగుళాలకొక చిన్న గాటు పెట్టి, పొడవునా చేత్తో చింపండి. కత్తెరతో కోస్తే వంకర పోతుంది, చింపితే పోగు వెంట తిన్నగా వస్తుంది. దుమ్ము లేస్తుంది కాబట్టి ఈ పని వరండాలో పెట్టుకోవడం మేలు. మూడేసి పేలికలు కలిపి జడ అల్లండి. ఐదున్నర మీటర్ల చీరకు మూడు పొడవాటి జడలు వస్తాయి. వాటి కొసలు కలిపి కుట్టి, నేల మీదే జంతికలా చుట్టుకుంటూ, దబ్బనంతో, మందపాటి దారంతో వరసకు వరస కుట్టుకు రావాలి.

ఒళ్లో పెట్టుకుని మాత్రం కుట్టకండి. తెలియకుండానే దారం బిగుతుగా లాగేస్తాం, అంచులు పైకి లేస్తాయి. నా మొదటి పట్టా అచ్చం గంపలా తయారైంది, అందులో ఇప్పుడు ఉల్లిపాయలు పోస్తున్నాం! నైలాన్, పాలిస్టర్ చీరలు వద్దు, నీళ్లు పీల్చవు, టైల్స్ మీద జారతాయి. జడలు అల్లే పని పిల్లలకు అప్పగించవచ్చు. పేలికల కొసలను కిటికీ ఊచకు కట్టేస్తే వాళ్లకు పట్టు దొరుకుతుంది.