అమెరికాలో అద్దె ఇంట్లో ఫ్రిజ్, స్టవ్, డిష్‌వాషర్ మొరాయిస్తే ఏం చేయాలి: కొత్తగా వచ్చినవాళ్లకి

కొత్తగా అపార్ట్‌మెంట్ తీసుకున్నవాళ్లకి ముందు చెప్పాల్సింది ఒకటుంది. వంటింట్లో వాళ్లు పెట్టిచ్చిన ఫ్రిజ్, స్టవ్, ఓవెన్, డిష్‌వాషర్, సింకు కింద డిస్పోజల్ (సింకులో పడ్డ తిండి ముక్కల్ని నలిపి పైపులోకి పంపే మోటార్), ఇవన్నీ ఓనర్ వస్తువులు. లీజులో వేరేగా రాసి ఉంటే తప్ప వాటి రిపేరు కూడా మీరు కట్టే అద్దెలోనే ఉన్నట్టు లెక్క. మనవాళ్లు చాలామంది ఇక్కడే మొహమాటపడతారు, వచ్చిన కొత్తలో గొడవెందుకులే, డబ్బులు అడుగుతారేమో, ఖాళీ చేయమంటారేమో అని నాలుగు బర్నర్లలో ఒకటే వెలుగుతున్నా దానిమీదే నెలల తరబడి వండుకుంటారు. అలా చేయకండి. చెప్పకుండా ఊరుకుంటే ఖాళీ చేసే రోజున అది మీరే పాడుచేశారని డిపాజిట్‌లో కోసేసే అవకాశం ఉంటుంది, అదే చెడిపోయిన రోజే రాసి పెడితే ఆ తేదీ మీ పక్షాన సాక్ష్యంగా ఉంటుంది.

అందుకే తాళాలు తీసుకున్న రోజే, సామాను సర్దకముందే, ఒక గంట వంటింటికి కేటాయించండి. అన్ని బర్నర్లూ వెలిగించి చూడండి, ఓవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టి వేడెక్కుతుందో లేదో చూడండి (పెట్టేముందు తలుపు తీసి లోపల ఏమీ లేదని చూసుకోండి, మన ఇళ్లల్లో ఓవెన్‌ని గిన్నెలు దాచుకునే అల్మారాలా వాడతారు, ప్లాస్టిక్ డబ్బా ఉండిపోతే కరిగి మంట అంటుకుంటుంది), డిష్‌వాషర్ ఖాళీగా ఒకసారి తిప్పండి, ఫ్రిజ్ తలుపు రబ్బరు ఎక్కడైనా చిరిగిందేమో చూడండి. గీతలు, సొట్టలు, విరిగిన అరలు అన్నీ ఫోటోలు తీసి వాళ్లిచ్చే మూవ్-ఇన్ ఫారంలో (ఇంట్లో దిగేటప్పుడు ఏది ఎలా ఉందో రాసే కాగితం) రాసి మెయిల్ కూడా చేయండి. ఆ ఫారానికి గడువు ఉంటుంది, చూసుకోండి.

అసలు ఏ వస్తువులు ఇస్తారో లీజు సంతకానికి ముందే అడగాలి. లాస్ ఏంజెలెస్ లాంటి చోట్ల ఫ్రిజ్ లేకుండా అద్దెకివ్వడం మామూలుగా ఉండేది, కానీ ఆ ఊరున్న కాలిఫోర్నియా రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి రాసుకునే, పొడిగించుకునే లీజుల్లో పనిచేసే స్టవ్, ఫ్రిజ్ చాలావరకు ఓనరే ఇవ్వాలని చట్టం వచ్చింది. మిగతా రాష్ట్రాల్లో ఎవరి రూల్స్ వాళ్లవి, అందుకని లీజులో వస్తువుల పేర్లు ఉన్నాయో లేదో చదువుకోండి, పేరు లేని వస్తువు చెడిపోతే వాదించడం కష్టం.

ఇప్పుడు చెడిపోయాయనుకునే వస్తువుల సంగతి. వీటిలో సగం అసలు చెడిపోనివే.

వంటింట్లో ప్లగ్ పనిచేయట్లేదు, మైక్రోవేవ్ ఆగిపోయింది అంటే ముందు సింకు పక్కన గోడ మీద రెండు చిన్న బటన్లున్న ప్లగ్ పాయింట్ వెతకండి, ఒకదాని మీద టెస్ట్ అని ఇంకోదాని మీద రీసెట్ అని ఉంటుంది. దాన్ని జీఎఫ్‌సీఐ అంటారు, తడి తగిలి షాక్ కొట్టకుండా కరెంట్ ఆపేసే ఏర్పాటు. ఒక్క జీఎఫ్‌సీఐ వెనక మూడు నాలుగు ప్లగ్గులు ఉండొచ్చు కాబట్టి పోయిన ప్లగ్ ఒకచోట, నొక్కాల్సిన బటన్ ఇంకోచోట ఉంటుంది. రీసెట్ నొక్కితే టక్‌మని నిలవాలి, నిలవకపోతే అన్నీ ప్లగ్గుల్లోంచి తీసేసి మళ్లీ నొక్కండి, అప్పటికీ నిలవకపోతే అపార్ట్‌మెంట్ ఆఫీసుకి చెప్పాల్సిందే. అది బాగానే ఉంటే బ్రేకర్ ప్యానెల్ చూడండి, చాలా ఇళ్లల్లో క్లాజెట్‌లోనో హాల్లోనో చిన్న ఇనుప తలుపు వెనక ఉంటుంది. ట్రిప్ అయిన స్విచ్ పూర్తిగా ఆఫ్‌లో ఉండదు, మధ్యలో ఆగి ఉంటుంది, ముందు గట్టిగా ఆఫ్ వైపు నొక్కి తర్వాత ఆన్ చేయాలి. ఎందుకు పడిపోతుందంటే, ఇక్కడ కరెంట్ 120 వోల్టులు, వంటింటి సర్క్యూట్ ఎక్కువగా 20 ఆంప్స్, అంటే మొత్తం 2400 వాట్లు. మైక్రోవేవ్ ఒక 1500 వాట్లు లాగుతుంది, ఇన్‌స్టంట్ పాట్ (కరెంట్ ప్రెషర్ కుక్కర్) 1000, రెండూ ఒకే లైన్లో ఒకేసారి పెడితే లెక్క దాటిపోయింది. వస్తువుల్లో తప్పేం లేదు, ఒకదాన్ని వేరే గోడకి మార్చండి. ఎక్స్‌టెన్షన్ వైర్లు, పవర్ స్ట్రిప్పులు మాత్రం వీటికి వద్దు.

ఇదే వోల్టేజ్ మన మిక్సీల దగ్గర కూడా దెబ్బకొడుతుంది. ఇండియాలో 230 వోల్టులు 50 హెర్ట్జ్, ఇక్కడ 120 వోల్టులు 60 హెర్ట్జ్. పది డాలర్లు పెట్టి కొనే ప్లగ్ అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుందంతే, వోల్టేజ్ మార్చదు, దాంతో పెడితే మిక్సీ నీరసంగా తిరుగుతుంది, అల్లం వెల్లుల్లి కూడా నలగదు. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు కానీ 750 వాట్ల మిక్సీకి దానికి రెట్టింపు కెపాసిటీది కావాలి, అది బరువు, ఖర్చు. వెట్ గ్రైండర్‌కైతే ట్రాన్స్‌ఫార్మర్ కూడా సరిపోదు, హెర్ట్జ్ తేడా మోటార్ మీద పడుతుంది. నా సలహా అడిగితే సూట్‌కేసులో ఆ బరువు బదులు ఆవకాయ, కారప్పొడి తెచ్చుకోండి, మిక్సీ, గ్రైండర్ 110 వోల్టుల మోడల్స్ ఇక్కడే దొరుకుతాయి, ప్రీతి, అల్ట్రా లాంటి మన కంపెనీలే అమెరికా కోసం చేసి అమ్ముతున్నాయి. ఇక పిండి రుబ్బుతూ రుబ్బుతూ మిక్సీ ఆగిపోతే కాలిపోయిందని కంగారుపడకండి, స్విచ్ ఆపి చల్లారనిచ్చి తిరగేస్తే కింద ఓవర్‌లోడ్ బటన్ ఉంటుంది, దాన్ని లోపలికి నొక్కితే మళ్లీ తిరుగుతుంది.

గ్లాస్ టాప్ స్టవ్ ఎర్రగా వెలిగి ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే కూడా చాలామంది చెడిపోయిందని ఫోన్ చేస్తారు. అది దాని పద్ధతే, వేడి ఎక్కువవకుండా ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. కాయిల్ స్టవ్‌లలో ఈమధ్య వచ్చినవాటికి కాయిల్ మధ్యలో ఒక సెన్సర్ ఉంటుంది, గిన్నె అడుగు బాగా వేడెక్కగానే కాయిల్ ఆపేస్తుంది, దోసెల పెనం కాలట్లేదని మనవాళ్లు బాధపడేది దీనికే. అడుగు చదునుగా ఉండి కాయిల్‌కి పూర్తిగా ఆనే పెనం వాడితే చాలావరకు కుదురుతుంది, మూకుడు లాంటి గుండ్రటి అడుగువి వీటి మీద పనికిరావు. నిజంగానే ఒక కాయిల్ వేడెక్కకపోతే స్టవ్ ఆపి, పూర్తిగా చల్లారాక దాన్నీ అదే సైజు పక్క కాయిల్‌నీ తీసి మార్చి పెట్టి చూడండి. కాయిల్‌తో పాటు జబ్బు కూడా మారితే కాయిలే పోయింది, మారకపోతే సాకెట్టో స్విచ్చో. ఈ మాట ఆఫీసుకి పెట్టే రిపేరు రిక్వెస్ట్‌లో రాస్తే మనిషి సరైన పార్ట్ పట్టుకునే వస్తాడు.

డిస్పోజల్ ఇండియాలో అలవాటు లేని వస్తువు, అందుకే ఎక్కువ చెడేది అదే. స్విచ్ వేస్తే గుయ్యిమని శబ్దం వచ్చి తిరగకపోతే ఏదో ఇరుక్కుంది, అసలు శబ్దమే లేకపోతే కరెంట్ అందట్లేదు. రెండింటికీ ముందు స్విచ్ ఆపండి, చెయ్యి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లోపల పెట్టకండి. సింకు కింద కూర్చుని టార్చ్ వేసి డిస్పోజల్ అడుగు చూస్తే చాలావాటికి సరిగ్గా మధ్యలో ఆరు పలకల చిన్న రంధ్రం కనిపిస్తుంది, పక్కనే చిన్న ఎర్ర బటన్. ఆ రంధ్రంలో పావు అంగుళం ఆలెన్ కీ పెట్టి ఇటూ అటూ తిప్పండి, మొదట బిగుసుకుని కదలదు, కొంచెం బలం పెడితే లోపల కర్‌మని ఏదో వదిలిన చప్పుడు వచ్చి చుట్టూ తిరుగుతుంది. పైనుంచి టార్చ్ వేసి ఇరుక్కున్నది, స్పూనో ఎముకో, పట్టకారుతో తీసేసి, అడుగున ఎర్ర బటన్ బయటికొచ్చి ఉంటే లోపలికి నొక్కి, నీళ్లు వదిలి స్విచ్ వేయండి. ఇక అందులో వేయకూడనివి: మునక్కాయ పిప్పి, కరివేపాకు రెమ్మలు, ఉల్లి పొట్టు, అరటి తొక్కలు, మామిడి టెంక, టీ పొడి, నూనె. మిగిలిన అన్నం కూడా వద్దు, పైపులో ఉబ్బి గట్టిపడి పక్కింటివాళ్ల సింకులోకి కూడా తన్నుతుంది.

డిష్‌వాషర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ పోస్తే నురుగు తలుపు సందుల్లోంచి వంటిల్లంతా పారుతుంది, దానికి వేరే పౌడర్, ట్యాబ్లెట్లు ఉంటాయి, అవే వాడండి. గిన్నెలు మురికిగానే వస్తుంటే అడుగున గుండ్రటి ఫిల్టర్ తిప్పి పైకి తీసి కడగండి, అందులో మెతుకులు, ఆవాలు, పసుపు జిగురు పేరుకుని ఉంటాయి. మొదలుపెట్టేముందు సింకు కుళాయిలో వేడినీళ్లు వచ్చేదాకా వదిలితే గిన్నెలు బాగా శుభ్రపడతాయి. బటన్లు ఏవీ పనిచేయకపోతే తాళం గుర్తు వెలుగుతుందేమో చూడండి, ఎక్కువ మోడల్స్‌లో ఆ బటన్ మూడు సెకన్లు నొక్కిపడితే లాక్ పోతుంది. కాలిఫోర్నియాలో సింకు మీద చిన్న స్టీల్ గొట్టం మూతలాంటిది ఉంటుంది, దాన్ని ఎయిర్ గ్యాప్ అంటారు, దాంట్లోంచి నీళ్లు పొంగితే డిష్‌వాషర్ బాగానే ఉంది, ఆ తర్వాతి పైపు మూసుకుపోయింది. ఇంకోటి, కొత్త డిస్పోజల్ బిగించిన రోజు నుంచే డిష్‌వాషర్‌లో నీళ్లు నిలిచిపోతుంటే, డిస్పోజల్ పక్క గొట్టంలో కంపెనీ నుంచి వచ్చే ప్లాస్టిక్ బిళ్ల కొట్టి తీయడం మర్చిపోయి ఉంటారు, ఆ మాట చెప్పి మళ్లీ పిలవండి.

ఫ్రిజ్ విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. లోపల 40 డిగ్రీల ఫారెన్‌హీట్ (4 సెల్సియస్) లోపు ఉండాలి, ఫ్రీజర్ సున్నా ఫారెన్‌హీట్. చిన్న థర్మామీటర్ కొని గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా మధ్య అరలో ఉంచి పొద్దున చూడండి, అనుమానం తీరిపోతుంది. వారానికి సరిపడా కూరలు, ఇడ్లీ పిండి, పెరుగు కుక్కేస్తే లోపల గాలి వచ్చే రంధ్రాలు మూసుకుపోయి చల్లబడదు, ముందు అవి ఖాళీ చేయండి. ఫ్రీజర్ బాగానే ఉండి కింద చల్లబడకపోతే ఫ్యానో, వెనక గడ్డకట్టిన మంచో కారణం, అది వాళ్లు చూడాల్సిన పని. కరెంట్ పోతే తలుపు తీయకుండా ఉంచితే 4 గంటలు ఫర్వాలేదు, నిండా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు. 40 డిగ్రీలు దాటి రెండు గంటలపైన ఉన్న మాంసం, పాలు, వండిన అన్నం, కూరలు పారేయండి, పాడైనవి పారేసేముందు ఫోటో తీసుకోండి, రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకున్నవాళ్లు తీసుకునే బీమా) కొన్నిటిలో దానికి కవరేజ్ ఉంటుంది.

రిక్వెస్ట్ రాసేటప్పుడు "ఫ్రిజ్ పనిచేయట్లేదు" అని వదిలేయకండి. "నిన్న సాయంత్రం నుంచి ఫ్రిజ్ లోపల 52 డిగ్రీలు చూపిస్తోంది, ఫ్రీజర్ బాగానే ఉంది, సెట్టింగ్ మార్చి చూశాను, ఫోటోలు జతచేశాను" అని ఇంగ్లీషులో పెట్టండి, మోడల్ నంబర్ కూడా. అది ఫ్రిజ్‌లో లోపలి గోడ మీద, డిష్‌వాషర్‌లో తలుపు అంచున, స్టవ్‌కి కింది సొరుగు లాగితే ఫ్రేమ్ మీద ఉంటుంది. ఫోన్లో చెప్పినా అపార్ట్‌మెంట్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్లోనో మెయిల్లోనో మళ్లీ రాయండి. మీరు లేనప్పుడు లోపలికి రావొచ్చా అని అడుగుతారు, ఒప్పుకుంటే పని తొందరగా అవుతుంది, ఇంట్లో చిన్నపిల్లలో అమ్మావాళ్లో ఉంటే టైమ్ చెప్పి రమ్మని రాయండి. రెండు రోజులైనా కదలిక లేకపోతే అదే మెయిల్ మీద మర్యాదగా గుర్తుచేయండి. సబ్‌లీజులో (అద్దెకున్నవాళ్ల దగ్గర మళ్లీ అద్దెకి) ఉన్నవాళ్లు లీజు ఎవరి పేరు మీదుందో వాళ్లతో పెట్టించాలి. అద్దె ఆపేయడం, మీరే మనిషిని పిలిచి బిల్లు అద్దెలో తగ్గించుకోవడం లాంటివి రాష్ట్ర చట్టం తెలుసుకోకుండా చేయొద్దు, ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించే కేసు) దాకా పోతుంది.

గ్యాస్ వాసన గట్టిగా వస్తే మాత్రం రిక్వెస్టులూ పోర్టళ్లూ కాదు, లైట్ స్విచ్ కూడా ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేసి, దూరం వెళ్లాక గ్యాస్ కంపెనీకో 911కో ఫోన్ చేయండి. మైక్రోవేవ్ లోపల విప్పడం కూడా ఎవరూ చేయొద్దు, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంట్ మిగిలి ఉండొచ్చు. పోపు పొగకి స్మోక్ అలారం మోగుతోందని దానికి కవర్ కట్టకండి, కిటికీ తీసి, హుడ్ ఫ్యాన్ ముందే వేసి, ఆ ఫ్యాన్ కింది జాలీ నెలకోసారి వేడినీళ్లలో సబ్బుతో కడగండి.

సొంత ఇల్లు కొనుక్కున్నాక ఈ బాధ్యత అంతా మీదే. ఇక్కడ మెకానిక్ వచ్చి చూసినందుకే ఫీజు ఉంటుంది, రిపేరు చేయిస్తే దాన్ని బిల్లులో కలుపుకుంటారో లేదో ముందే అడగండి. వస్తువు పదేళ్లు దాటి, రిపేరు కొత్తదాని ధరలో సగానికి చేరితే కొత్తది కొనడమే మేలు. ప్రెసిడెంట్స్ డే, మెమోరియల్ డే, జూలై 4, లేబర్ డే, బ్లాక్ ఫ్రైడే అప్పుడు ధరలు బాగా తగ్గుతాయి, కాస్ట్‌కోలో పెద్ద వస్తువులకి రెండో ఏడాది వారంటీ కూడా కలిసొస్తుంది. స్టవ్ మామూలుగా 30 అంగుళాల వెడల్పు, డిష్‌వాషర్ 24, ఫ్రిజ్‌కే కొలతలు జాగ్రత్తగా తీసుకోవాలి, పెట్టే చోటుతో పాటు ఇంటి గుమ్మం, మెట్ల మలుపు కూడా. ఎలక్ట్రిక్ స్టవ్‌కి కరెంట్ వైరు వేరేగా కొనాలి, 1996 తర్వాత కట్టిన ఇళ్లల్లో ఎక్కువగా నాలుగు పిన్నులది, పాత ఇళ్లల్లో మూడు పిన్నులది, గోడ ఫోటో తీసుకుని షాపుకెళ్లండి. పాతదాన్ని పట్టుకెళ్లేలా ఆర్డర్‌లోనే చెప్పండి. డెలివరీ వాళ్లు సంతకం అడిగినప్పుడు అన్ని బర్నర్లూ వెలిగించి, ఫ్రిజ్ నీళ్ల పైపు కారట్లేదని చేత్తో తడిమి చూశాకే పెట్టండి.