చెక్కపిడి మడతకత్తి బిగుసుకుపోతోందా?

కాన్వాస్ టెంటు, ఇత్తడి స్టవ్ లాంటి పాతకాలపు సరంజామా పక్కన ఒపినెల్ లాంటి చెక్కపిడి మడతకత్తి భలే నప్పుతుంది. చిక్కల్లా తేమతోనే. మంచు పడిన రాత్రి కత్తి కాన్వాస్ సంచిలో ఉండిపోతే తెల్లారేసరికి చెక్క ఉబ్బి, గోరు విరిగేలా లాగినా అలుగు బయటికి రాదు.

బయలుదేరే ముందు ఇంట్లోనే ఈ పని చేసుకోండి. కత్తిని సగం తెరిచి, అలుగు తిరిగే కీలు దగ్గర చెక్క సందులో శనగగింజంత వాజిలైన్ పెట్టండి. హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వెచ్చచేస్తే కరిగి లోపలికి ఇంకుతుంది. పదిసార్లు తెరిచి మూసి, పైకి వచ్చినదంతా గుడ్డతో తుడిచేయండి. ఆ గుడ్డతోనే అలుగునీ ఓసారి తుడిస్తే కార్బన్ స్టీల్‌కి తుప్పు అంత తొందరగా పట్టదు. కూరగాయలు కోసే ముందు మాత్రం అలుగుని శుభ్రంగా కడగాలి.

చెక్క అప్పటికే తడిసి ఉబ్బి ఉంటే ఇది పనిచేయదు, తేమ లోపలే ఉండిపోతుంది. ముందు రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. తొందరపడి స్టవ్ మంట మీద పెడితే పిడి పగులుతుంది.