మారుతి ఓమ్నీ వ్యానుకి పాత ఇంజిన్ వేసుకున్న వైనం

రేడియేటర్ గొట్టం కారుతున్నా పట్టించుకోలేదు. తప్పు నాదే. ఇంజిన్ వేడెక్కిపోయి హెడ్ (సిలిండర్ల పైమూత) వంగింది, పిస్టన్ పట్టేసింది. గుద్దుకుని ముందు భాగం నుజ్జయిన ఇంకో ఓమ్నీ తుక్కు కొట్టులో దొరికింది. అదే 796 సీసీ, మూడు సిలిండర్లు, ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతి). పాత పద్ధతి కార్బురేటర్‌ది తెస్తే వైరింగంతా మార్చాలి. కొనేముందే మూడు సిలిండర్లలోనూ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) సరిగా ఉందో లేదో చూశాం.

ఇంజిన్ సీట్ల కింద ఉంటుంది కదా, బండి పైకెత్తి కిందనుంచే దించాం. బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, వెనక ఆయిల్ సీలు కొత్తవి వేశాం. తర్వాతైతే మళ్ళీ దించాల్సిందే!

స్టార్టయింది, పది నిమిషాల్లో వేడెక్కింది. ఒకటే టెన్షన్. చూస్తే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) గొట్టాల్లో గాలి చిక్కుకుంది. ముందు భాగం ఎత్తి పెట్టి, రేడియేటర్ మూత తీసి కూలెంట్ పోస్తూ ఇంజిన్ నడిపితే బుడగలన్నీ పోయాయి. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పుకి ఆర్టీఓ ఆఫీసులో కాగితాలు ఇచ్చాను.