తుఫాన్ల సీజన్‌కి ముందే మెయిన్‌ఫ్రేమ్ లినక్స్ టీమ్‌లు చూసుకోవాల్సినవి

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన నెల్లూరు, ప్రకాశం తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం. వాయుగుండం పడిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో, మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపే నెల్లూరు వానల్లో నానిపోయింది. డిసెంబర్‌తో లెక్కలు ముగించే బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఏడాది చివరి లెక్కల కోసం సర్వర్లలో మార్పులు ఆపేసేదీ ఈ నెలల్లోనే. కావలి, ఒంగోలు, నెల్లూరు ఇళ్ల నుంచి మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటివి వాడే భారీ కంప్యూటర్) లినక్స్ చూసుకునేవాళ్లకు ఈ రెండూ కలిసి వస్తాయి. అందుకే నెట్‌వర్క్ డ్రైవర్ (నెట్‌వర్క్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) క్రాష్‌కు కావాల్సిన ఏర్పాట్లు సెప్టెంబర్‌లోనే పూర్తి చేసుకోండి. ఆ ఫ్రీజ్ (మార్పులు ఆపేసే కాలం) మొదలయ్యాక ఒక్క కెర్నల్ (లినక్స్‌లోని మూల భాగం) పరామితి మార్చాలన్నా అనుమతి దొరకదు.

డ్రైవర్ పడిపోయిన క్షణంలో మెమరీలో ఏముందో అదే వెండర్‌కు (సపోర్ట్ ఇచ్చే కంపెనీకి) కావాల్సిన సాక్ష్యం. రీబూట్ కొడితే అది పోతుంది. కస్టమర్ ఒత్తిడి చేస్తాడు, మనకూ టెన్షన్, చెయ్యి రీబూట్ వైపే పోతుంది. డంప్ (ఆ మెమరీ కాపీ) లేకుండా కేసు తెరిస్తే వెండర్ సాధారణంగా చెప్పేది ఒక్కటే: డంప్ వచ్చేలా సెట్ చేసుకుని, మళ్లీ పడినప్పుడు పంపండి. అంటే ఇంకో అవుటేజ్ కోసం ఎదురుచూడటమే.

కాబట్టి ముందు చూడాల్సింది కేడంప్, అంటే క్రాష్ అయినప్పుడు డంప్ తీసే ఏర్పాటు. సర్వీస్ నడుస్తోందా, క్రాష్‌కెర్నల్‌కు (డంప్ తీసే రెండో కెర్నల్‌కు) మెమరీ కేటాయించారా, డంప్ డిస్కులో చోటుందా చూడండి. చాలా టీమ్‌లు పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. డంప్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్‌కో (నెట్‌వర్క్ మీది డిస్కుకో), ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వేరే సర్వర్‌కో పంపేలా పెడితే, ఆ దారి కూడా సాధారణంగా ఓసా కార్డు (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డు) మీదుగా, దాన్ని నడిపే అదే క్యూఎత్ డ్రైవర్ మీదుగా పోతుంది. పడిపోయింది ఆ డ్రైవరే అయినప్పుడు డంప్ బయటికి చేరుతుందన్న నమ్మకం లేదు. అందుకని డంప్‌ను డీఏఎస్‌డీ (మెయిన్‌ఫ్రేమ్ డిస్కు) మీదికో, ఎఫ్‌సీపీ డిస్కు (ఫైబర్ ఛానల్ స్టోరేజ్) మీదికో మార్చండి. కేడంప్ కూడా విఫలమైతే వాడుకోవడానికి జిప్‌ల్‌తో (మెయిన్‌ఫ్రేమ్ లినక్స్‌లో బూట్ డిస్కులు తయారుచేసే టూల్) తయారుచేసిన స్టాండలోన్ డంప్ డిస్కు ఒకటి ఉంచుకోవడం మంచిది.

కెర్నల్ ఊప్స్ (కెర్నల్‌లో తప్పు జరిగిందన్న మెసేజ్) వస్తే పానిక్ అయ్యే (సిస్టమ్ అక్కడే ఆగిపోయే) సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. అది ఆఫ్‌లో ఉంటే డ్రైవర్ చచ్చినా సిస్టమ్ కుంటుతూ నడవొచ్చు, అప్పుడు డంప్ మాత్రం రాదు. అన్నీ పెట్టాక టెస్ట్ గెస్ట్ (పరీక్షకు పెట్టుకున్న వర్చువల్ మెషీన్) మీద, అనుమతి తీసుకుని, సిస్‌రెక్ (కెర్నల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సదుపాయం) ద్వారా కావాలని ఒకసారి క్రాష్ చేయించి చూడండి. డంప్ ఫైల్ దాన్ని చదివే క్రాష్ టూల్‌లో తెరుచుకుంటేనే ఏర్పాటు అయినట్టు. దానికి అదే కెర్నల్ వెర్షన్ డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీ (డంప్‌ను అర్థం చేసుకోవడానికి కావాల్సిన వివరాలు) కావాలి. ఒక్క అంకె తేడా ఉన్నా పనికిరాదు.

రెండు ఓసా కార్డులు బాండింగ్‌లో (ఒకటి పోతే ఇంకోటి పనిచేసేలా జతగా) ఉన్నాయన్న ధీమా వద్దు. కార్డు చెడితే బాండింగ్ కాపాడుతుంది. డ్రైవర్ కెర్నల్‌నే పడగొడితే రెండూ కలిసి పోతాయి. హైపర్‌సాకెట్స్ (ఒకే మెయిన్‌ఫ్రేమ్‌లోని సిస్టమ్‌ల మధ్య నెట్‌వర్క్) నడిచేదీ క్యూఎత్ మీదే.

నెట్‌వర్క్ పోయిందంటే ఎస్‌ఎస్‌హెచ్ పోయినట్టే. జెడ్‌వీఎం (మెయిన్‌ఫ్రేమ్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) గెస్ట్ అయితే 3270 కన్సోల్ (మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్), ఎల్‌పార్ (మెయిన్‌ఫ్రేమ్‌లో విడగొట్టిన ఒక భాగం) అయితే హెచ్‌ఎంసీ (హార్డ్‌వేర్‌ను నిర్వహించే కన్సోల్), ముఖ్యంగా ఇవే మిగిలే దారులు. ఆ యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గరున్నాయో ఇప్పుడే కనుక్కుని, లాగిన్ అయి చూడండి. జెడ్‌వీఎం కన్సోల్ నుంచి బయటికి వచ్చేటప్పుడు లాగాఫ్ కొట్టకూడదు, డిస్కనెక్ట్ మాత్రమే. లాగాఫ్ కొడితే గెస్ట్ మొత్తం ఆగిపోతుంది. కన్సోల్ స్పూలింగ్ (కన్సోల్ మెసేజ్‌లను ఫైల్‌లో దాచడం) ఆన్‌లో ఉంచితే మొదటి ఊప్స్ మెసేజ్ స్పూల్ ఫైల్‌లో దొరుకుతుంది. వెండర్‌కు ముఖ్యమైనది ఆ మొదటిదే. తర్వాత వచ్చేవి చాలావరకు దాని పర్యవసానాలే.

డ్రైవర్ మొరాయించినా సిస్టమ్ ఇంకా బతికే ఉంటే వెంటనే డీబీజీఇన్ఫో స్క్రిప్ట్ (సిస్టమ్ వివరాలు, ట్రేస్‌లు సేకరించేది) నడపండి. క్యూఎత్ తన ట్రేస్‌లను (ఏం చేసిందో చెప్పే రికార్డులను) మెమరీలో తిరిగే బఫర్లలో రాస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ కొత్తవి పాతవాటిని చెరిపేస్తాయి. దానికి తోడు మీ లినక్స్ సూసే కంపెనీది అయితే సపోర్ట్‌కాన్ఫిగ్, రెడ్‌హ్యాట్‌ది అయితే సాస్ రిపోర్ట్ (రెండూ సిస్టమ్ వివరాలు సేకరించే టూల్స్) తీసి పెట్టుకోండి.

లినక్స్ సపోర్ట్ కాంట్రాక్ట్ ఎవరితో ఉందో కాగితం తీసి చూడండి. లినక్స్ తయారుచేసి ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ కంపెనీతోనే ఉండొచ్చు, ఐబీఎం ద్వారా కూడా ఉండొచ్చు. కార్డు, దాని మైక్రోకోడ్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మాత్రం ఐబీఎం హార్డ్‌వేర్ వాళ్ల పని. తప్పు ఎటువైపుందో తెలియకపోతే రెండు చోట్లా కేసు తెరిచి, ఒకదాని నంబర్ ఇంకోదాంట్లో రాయండి. లేకపోతే ఇద్దరి మధ్యా కాలం గడిచిపోతుంది. కేసులో కెర్నల్ వెర్షన్, క్యూఎత్ నడిచేది లేయర్ 2లోనా 3లోనా, కార్డు నేరుగా ఇచ్చారా వీస్విచ్ (జెడ్‌వీఎంలోని వర్చువల్ స్విచ్) వెనక ఉందా, మైక్రోకోడ్ లెవెల్, ఈమధ్య ఏం మార్చారు అన్నవి మొదటి మెసేజ్‌లోనే ఇవ్వండి. సర్వర్ యూటీసీలో ఉండి మనం ఐఎస్‌టీలో రాస్తే ఐదున్నర గంటల తేడాతో వాళ్లు వేరే లాగ్ వెతుకుతారు. ఏ టైమ్ రాసినా అది ఏ జోనో పక్కనే రాయండి. బయట నుంచి తెచ్చి కంపైల్ చేసిన మాడ్యూల్ ఉంటే కెర్నల్ టెయింటెడ్ (కల్తీ అయింది) అని చూపిస్తుంది, వాళ్లు మొదట దాన్నే తీసేయమంటారు. అవసరం లేకపోతే ఇప్పుడే తీసేయండి.

సెవిరిటీ 1 (అత్యంత తీవ్రమైన) కేసు పెడితే మన వైపు నుంచి 24 గంటలూ ఎవరో ఒకరు అందుబాటులో ఉండాలి. వెండర్ ఫోన్ చేసినప్పుడు ఎత్తేవాళ్లు లేకపోతే సెవిరిటీ తగ్గించేస్తారు. నెల్లూరులో ఒకరు, కోవూరులో ఇంకొకరు ఉంటే అది బ్యాకప్ కాదు, ఒకే తుఫాను ఇద్దరినీ కొడుతుంది. రెండో మనిషి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండాలి, కేసు పోర్టల్‌లో అతని పేరు కూడా ఎక్కించాలి. ఇన్వర్టర్, రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఎలాగూ పెట్టుకుంటారు. కానీ కరెంటు రోజంతా లేకపోతే సెల్ టవర్లూ ఆగిపోవచ్చు. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే షిఫ్ట్‌ను అవతలి ఊరికి అప్పగించండి, వాన మొదలయ్యేదాకా ఆగొద్దు.

డంప్‌లో కస్టమర్ మెమరీ ఉంటుంది, అంటే ఖాతాదారుల వివరాలు కూడా ఉండొచ్చు. బయటికి పంపడానికి కస్టమర్ రాతపూర్వక అనుమతి ఇప్పుడే తీసుకోండి. అర్ధరాత్రి అవుటేజ్‌లో సంతకం పెట్టేవాళ్లు దొరకరు. మేక్‌డంప్‌ఫైల్‌లో (డంప్‌ను వడగట్టి చిన్నది చేసే టూల్) డంప్ లెవెల్ 31 పెడితే యూజర్ పేజీలు, ఖాళీ పేజీలు వదిలేస్తుంది, ఫైలూ చిన్నదవుతుంది. డంప్‌ను ఇంట్లో ల్యాప్‌టాప్‌కు దించుకోవద్దు. కస్టమర్ సర్వర్ నుంచి నేరుగా వెండర్ అప్‌లోడ్ చోటికి పంపండి, ఆ దారి ఫైర్‌వాల్‌లో తెరిచి ఉందో లేదో చిన్న ఫైల్‌తో ముందే పరీక్షించండి.

వెండర్ ఒక్కోసారి పరీక్ష కోసం తాత్కాలిక కెర్నల్ ఇస్తారు. దాన్ని ప్రొడక్షన్‌లో వాడితే సపోర్ట్ ఎంతకాలం ఇస్తారో, ఆ సవరణ ఏ అధికారిక అప్‌డేట్‌లో వస్తుందో కేసులోనే రాయించుకోండి. ఆ అప్‌డేట్ వచ్చి, లోడ్ మీద నిలబడిందని తేలేదాకా కేసు మూయనివ్వకండి, డంప్ కూడా తుడిచేయకండి. ఆ తర్వాత కస్టమర్‌కు చెప్పి మన దగ్గరున్న కాపీ తుడిచేసి, వెండర్ దగ్గరున్నదీ తుడిచినట్టు మెయిల్ తీసుకోండి.